ముప్పావు బావ

తిథిని ముప్పావుతో గుణించండి. ఆ రోజు సముద్రానికి నిండు పోటు ఎన్ని గంటలకో వస్తుంది. అష్టమి అయితే ఆరు, పంచమి అయితే మూడుముప్పావు. ముంబై తీరంలో కోళీ జాలర్లు, పడవవాళ్ళు నోటితోనే వేసుకునే లెక్క ఇది. దీన్ని మా బావ చెవిన ఎవరు వేశారో తెలియదు. తెలిస్తే మా అక్క వాళ్ళింటికి పోయి మరీ మాట్లాడి వస్తుంది.

బావ భివండీలో జాబర్. సాంచె, అంటే మరమగ్గం, మొండికేస్తే దాన్ని దారికి తెచ్చే మనిషి. తెల్లారితే పానా పట్టుకుని కార్ఖానాలో దూరతాడు, పాళీ మారేదాకా బయటికి రాడు. అదే కార్ఖానాలో నేను మెహతాను. ఎన్ని తాకాల బట్ట దిగింది, ఏ పడుగు బీము ఎప్పుడు అయిపోయింది, ఎవరికెంత పగారు అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. కాబట్టి ఆయన గురించి నేను రాసేది లెక్కతో సహా రాస్తున్నానని పాఠకులు గమనించాలి.

బావ చెయ్యి పెడితే కదలని సాంచె లేదని కార్ఖానాలో పేరు. బావ ప్లాను పెడితే కదిలిన మనిషి లేడని ధామన్కర్ నాకాలో పేరు. రెండూ అబద్ధం కాదు. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. కొందరు షిర్డీకి ప్లాను వేస్తారు, కొందరు గోవాకు. మా బావ మాత్రం దీవికి వేశాడు. సముద్రం మధ్య దీవి, దీవి మీద రాయి, రాయి మీద తను, తన చేతిలో గాలం. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి, మానేరు నీళ్ళలో కొర్రమీను తప్ప మరో చేపను చేపగా ఒప్పుకోకుండా పెరిగిన మనిషికి ఉప్పునీళ్ళ పిచ్చి ఎలా పట్టిందో అడక్కండి.

అక్క అడిగింది.

"చాప గావాల్నంటే నాకా మీద బజార్ల దొర్కుతది. ఉప్పునీళ్ళే గావాల్నంటే కశేళీ పూల్ కింద ఖాడీ ఉన్నది. ఆ దీవిల ఏం బెట్టిన్రట నీకు?"

"ఖాడీల పట్టేది కూరకు. దీవి మీద పట్టేది షికారు," అన్నాడు బావ. జవాబు బాగానే ఉంది. ఆయన జవాబులన్నీ బాగుంటాయి, చిక్కంతా అక్కడే.

దీవి పేరు అర్నాళా. విరార్ అవతల, వైతరణా నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఒడ్డు నుంచి పడవలో కొద్ది నిమిషాలే. కోట ఉంది, కోళీల ఊరుంది. 1737లో బాజీరావు పేష్వా కాలాన మరాఠాలు పోర్చుగీసుల దగ్గర్నుంచి ఆ కోట గుంజుకున్నారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నాకాలో చాయ్ బండి దగ్గర రోజూ సాయంత్రం విన్నాను కాబట్టి. పాళీ మారే వేళకు అక్కడ ఆటోలు, టెంపోలు, గ్రే గుడ్డ మోసుకుపోయే బండ్లు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. ఆ గోలలో కటింగ్ చాయ్ పట్టుకుని నిలబడి బావ సముద్రం గురించి మాట్లాడతాడు. సగం మాటలు హారన్లలో కొట్టుకుపోతాయి. మిగిలిన సగానికే వినేవాళ్ళు చందా ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చాను. మూడొందల యాభై. పుస్తకంలో రాసే ఉంది.

2025 జూన్ 18న విశాఖపట్నంలో నౌకాదళం ఒక కొత్త నౌకను సేవలోకి తీసుకుంది. పేరు ఐఎన్ఎస్ అర్నాళా, ఈ కోట పేరే. తీరానికి దగ్గరి లోతుతక్కువ నీళ్ళలో శత్రువుల జలాంతర్గాములను వెతికి పట్టే ఓడ. ఆ వార్త చూసిన రోజు బావ నేల మీద లేడు. "చూసినవారా బామ్మర్ది, సబ్‌మెరైన్లను పట్టేదానికే ఆ పేరు పెట్టిన్రు. గా జాగల మనకు ఒక్క జితాడా పడదా?" జితాడా అంటే మన పండుగప్ప. అప్పటికి బావ జితాడాను చూసింది ఫోన్లోనే.

ఇక దారి. అంజూర్‌ఫాటాకు ఆటో, అక్కడ భివండీ రోడ్ స్టేషను, దివా నుంచి వసయీ పోయే రైలు, ఖార్‌బావ్, కామన్ రోడ్, జూచంద్ర, వసయీ రోడ్. అక్కడ లోకల్ ఎక్కితే రెండో స్టేషను విరార్. అక్కణ్ణుంచి బస్సో షేర్ ఆటోనో. చిన్నపిల్లవాడైనా ఒక్కసారి వింటే పోగలడు. బావ మాత్రం దీని మీద వారాల తరబడి చర్చ పెట్టాడు. దివా రైళ్ళు తక్కువ, ఒకటి తప్పితే పోటు తప్పుతుంది, చించోటీ మీదుగా టెంపోలో పోదామా, టెంపో అయితే డీజిలు ఎవరిది, డ్రైవరుకు గాలం ఇవ్వాలా వద్దా. వాట్సాప్ గ్రూపు పెట్టాడు. గ్రూపు పేరు మారుతూ పోయింది, అందులో మనుషులు మారుతూ పోయారు, బావ పంపే పోటు పాటుల పట్టిక మాత్రం మారకుండా పొద్దున్నే వచ్చేది. కొందరు దాన్ని గుడ్ మార్నింగ్ అనుకుని దండం పెట్టేవాళ్ళు.

అసలు యుద్ధం తేదీ దగ్గర. పున్నమికీ అమాసకూ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒక వరుసలోకి వస్తాయి గనుక పోటు ఎత్తుగా లేస్తుంది. దాన్ని మరాఠీలో ఉధాణ్ అంటారు. అష్టమి ప్రాంతంలో సూర్యుడి లాగుడూ చంద్రుడి లాగుడూ ఒకదానికొకటి అడ్డం పడి నీళ్ళు మందకొడిగా కదులుతాయి, అది భాంగ్. వానాకాలంలో పోటు నాలుగున్నర మీటర్లు దాటే రోజుల జాబితాను ముంబైలో ముందే ప్రకటిస్తారు. ఇదంతా బావ గోడ మీది కాలనిర్ణయ్ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాడు. అదే కాలనిర్ణయ్ మీద అక్క నీలం పెన్నుతో పాల లెక్క రాస్తుంది. చదవడం రానివాళ్ళు చూసినా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది.

ఉధాణ్ నాడు పోదామంటే పున్నమికి సత్యనారాయణ వ్రతం. అమాసనాడు ఇల్లు దాటొద్దు. భాంగ్ అయినా సరే అంటే అష్టమి, నవమి ప్రయాణాలకు పనికిరావు. ఏకాదశి ఉపవాసం. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న, ఆ రోజుల్లో చేప ముట్టరు. జూన్ 1 నుంచి జులై 31 దాకా పడమటి తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ నిషేధం ఒడ్డున గాలమేసుకునేవాడికి కాదని నేనంటే, "కానూన్ కానూనేరా" అన్నాడు. అప్పటికి బయట వాన కుండపోతగా కురుస్తోంది గనుక నేనూ ఊరుకున్నాను. తర్వాత శ్రావణం. మనకూ మరాఠీవాళ్ళకూ శ్రావణం ఒక్కసారే వస్తుంది, తప్పించుకునే దారి లేదు. గణపతి, పెత్రమాస, బతుకమ్మ. దసరాకు ఊరు పోకపోతే అమ్మ ఏడుస్తుంది. దీపావళి, కార్తీకం, మార్గశిర గురువారాల లక్ష్మీ పూజ. ఎండాకాలం పెళ్ళిళ్ళు. ఈ జల్లెడలోంచి కిందికి రాలిన రోజులు ఏడాదికి గుప్పెడు. ఆ గుప్పెడు రోజుల్లో సాంచె చెడిపోతుంది.

శ్రావణ పున్నమి గురించి మాత్రం బావ చెప్పే మాట నాకు నచ్చుతుంది. ఆ రోజు కోళీలకు నారళీ పున్నమి. సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, మళ్ళీ వేటకు పడవలు దించుతారు. అదే రోజు మన పద్మశాలీలు కొత్త జంధ్యం వేసుకుని మార్కండేయుడి ఊరేగింపు తీస్తారు. "వాళ్ళకు నీళ్ళు, మనకు దారం. పున్నమి మాత్రం ఒక్కటే," అంటాడు బావ. ఆ మాటంటున్నప్పుడు మొహంలో ఎలాంటి ప్లానూ కనబడదు. మంచి మనిషి. ఆ రోజు చందా గురించి అడగబుద్ధి కాదు.

కానీ ఆ చందాలో ఎక్కువ భాగం ఎటు పోయిందో చెప్పాలి. గాలాలు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని ముంబై తీసుకుపోయాడు. దుకాణంలో కుర్రాడు లైన్ ఎన్ని పౌన్లది కావాలన్నాడు. బావ చుట్ట చేతిలోకి తీసుకుని, కొస లాగి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "డెనియర్ కిత్నా?" అన్నాడు. కుర్రాడు చుట్ట మీద చూపించాడు, 0.40 మిల్లీమీటర్లు. "అది మందం. డెనియర్ చెప్పు." కుర్రాడు లోపలికి పోయి ముసలాయన్ను తెచ్చాడు. ముసలాయనకూ తెలియదు. అప్పుడు బావ కౌంటరు మీదే బిల్లు కాగితం తిప్పి లెక్క కట్టాడు. తొమ్మిదివేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఈ మందాన నైలాన్ తొమ్మిదివేల మీటర్లు కిలో మూడొందల గ్రాముల దాకా తూగుతుంది. అంటే పదమూడొందల డెనియర్. మా కార్ఖానాలో నూలు నూటయాభై దాటితే అబ్బో అంటాం. బావ చుట్టను గౌరవంగా కింద పెట్టి, "దీనితోని బట్ట నేస్తే బుల్లెట్ దిగది," అన్నాడు. ముసలాయన సంతోషించి, మేమడగని ధర్మాకోల్ పెట్టె ఒకటి అంటగట్టాడు. పది కిలోల చేప పట్టేంత పెట్టె. దాన్ని మోసింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఎర సంగతి ఇంట్లోవాళ్ళకు ఇంకా మంట. ఊళ్ళో మానేరు ఒడ్డున ఎర్రలు గుచ్చి గాలమేసేవాళ్ళం గనుక బావ చాల్ గ్యాలరీలో పాత రంగు డబ్బాలో మట్టి పోసి ఎర్రలు పెంచాడు. ఉప్పునీళ్ళలో ఎర్రలు నిమిషాల్లో చచ్చి తెల్లబడతాయని, సముద్రానికి రొయ్య ముక్కలు, మాకుల్ అనే స్క్విడ్ ముక్కలు మేలని ఎవరో చెప్పాక డబ్బాను మరిచిపోయాడు. డబ్బా ఆయన్ను మరిచిపోలేదు. వాన పడ్డ రాత్రి అవన్నీ బయల్దేరి పక్కింటి గడప దాకా పోయాయి. పక్కింటావిడ మరాఠీలో ఏమందో అక్క తెలుగులో నాకు చెప్పలేదు.

ఇంత జరిగాక ఒక పుష్యమాసంలో ప్లాను కుదిరింది. శుభకార్యాలుండని నెల, పిలుపుల్లేవు. కార్ఖానాకు సుట్టీ, తిథి పంచమి. పెద్ద ఉధాణ్ కాదు, వట్టి భాంగూ కాదు. ఐదు ముప్పావులు మూడుముప్పావు. మధ్యాహ్నం దాకా నీళ్ళు ఎక్కుతాయి, పోటు నిండాక చివరి పడవకు ముందే బయటపడొచ్చు. ముందురోజు రాత్రి బావ అందరికీ గాలాలు కట్టి సంచీలో పెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను. "అరే, సేఠ్ కబురు పంపిండు. బీము అయిపోయిందట, కొత్తది ఎక్కియ్యాల్నట. మీరు నడువున్రి. నేను ఫోన్ల ఉంట."

మేము పోయాం. నేను, ఇంకో బామ్మర్ది, వార్పింగ్ పనిచేసే ఇద్దరు, ధర్మాకోల్ పెట్టె. వసయీ రోడ్‌లో విరార్ లోకల్ ఎక్కినవాళ్ళకు ఆ పెట్టె సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డబ్బాలో జనం ముందు మమ్మల్ని తిట్టారు, తర్వాత దాని మీద కూర్చున్నారు.

దీవిలో కోటగోడకు దూరంగా రాళ్ళ మీద చోటు చూసుకుని గాలాలు విప్పాం. మొదటి చేప లాగీ లాగకముందే గాలం ఊడి నీళ్ళలో పోయింది. రెండోదీ అంతే. దారం తెగలేదు, ముడి జారింది. పక్కన వల బాగుచేసుకుంటున్న కోళీ పెద్దాయన లేచి వచ్చి మిగిలిన ముడి చూశాడు. తన చేతిలోని వల చూపించాడు. అందులోనూ అదే ముడి. పోగు తెగితే నేతగాడు వేసే ముడీ, వల కన్ను అల్లేటప్పుడు వేసే ముడీ ఒకటే. దారానికి దారం అతకడానికి దానికి సాటి లేదు. కానీ నున్నటి నైలాన్ తీగను ఇనుప గాలానికి కడితే అది నిలవదు. పెద్దాయన తీగను గాలం కంట్లో దూర్చి, కొసను తీగ చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, మొదటి మెలికలోంచి వెనక్కి తీసి, నోటితో తడిపి బిగించాడు. "కొణీ బాంధ్‌లా?" ఎవరు కట్టారని అడిగాడు. జాబర్ అన్నాను. తల ఊపి, బాగానే కట్టాడన్నాడు. కట్టాల్సిన చోట కాదు గానీ, ముడి తప్పు కాదని ఆయన ఉద్దేశం.

ఫోనులో బావ. "నీళ్ళు చూపెట్టు." చూపెట్టాను. "రాయి చూపెట్టు." మేం కూర్చున్న బండకు నడుము దగ్గర తెల్లటి గుల్లలు అంటుకుని గీత గీసినట్టున్నాయి. నీళ్ళు దాని కిందనే ఉన్నాయి. "గంటెంత?" మూడున్నర. "ఇంకో పావుగంట ఎక్కుతది. గుల్లల మీదికి వొచ్చి నిలవడతది. గప్పుడు మూసుకొని కూసోన్రి, చాప ముట్టుకుంటది." వచ్చాయి. ఒక్కో అల గుల్లల మీదికి నాలుగు వేళ్ళ మేర ఎక్కి జారుతూ, నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుందనగా ఎక్కడం మానేశాయి. నీళ్ళు అటూ ఇటూ కదలకుండా నిలబడ్డాయి. ఆ తర్వాత గుల్లల కింద తడి చార కనబడటం మొదలైంది. మేము నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. సముద్రం మొహం ఎన్నడూ చూడని మనిషి భివండీ పద్మనగర్‌లో మంచం మీద కూర్చుని చెబితే సముద్రం విన్నదంటే కొంచెం కోపం కూడా వచ్చింది.

చేపలు? అరచేయంత ఢోమాలు రెండు, ఒక శింగాళా. శింగాళా అంటే సముద్రపు జెల్ల. వీపు మీదా రెక్కల దగ్గరా ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి వాచి జ్వరమొస్తుంది. పెద్దాయన వద్దనే దాకా మా వార్పింగ్ తమ్ముడు దాన్ని ముద్దుగా పట్టుకుని ఫోటో దిగబోయాడు. తీగ కోసి దాన్ని వదిలేశాం. పది కిలోల పెట్టెలో ఒక మూల రెండు ఢోమాలు, మిగతా అంతా ఐసు. తిరుగు లోకల్‌లోనూ జనం దాని మీద కూర్చున్నారు.

ఇంటికొచ్చాక బావ ఆ రెండింటిని స్కేలుతో కొలిచి గ్రూపులో పెట్టాడు. "ప్లాన్ సక్సెస్" అని రాసి, కింద తన పేరు. ముళ్ళు తీస్తూ తింటూ, తక్కువ పడ్డాయంటే ఎర తప్పేగానీ వేళ తప్పు కాదన్నాడు. గాలాలు ఊడిన సంగతి నేనెత్తితే వినబడనట్టు ఊరుకుని, కోళీ పెద్దాయన వేసిన ముడిని మాత్రం మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు. రెండో మాటుకు నాకన్నా బాగా వేశాడు. ఆ వేళ్ళకు దారమంటే చాలు.

ఒక సంగతి మిగిలింది. బీముల లెక్క రాసేది నేనే. ఆ వారం మా కార్ఖానాలో ఏ బీమూ అయిపోలేదు, ఏ కొత్త బీమూ ఎక్కలేదు. సుట్టీ రోజు సేఠ్ ఊళ్ళోనే లేడు. పడవంటే భయమా, ప్లాను అయిపోతుందని భయమా, నేను అడగలేదు. పన్నెండు గంటలు ఇంకొకడి సాంచెల వెంట పరుగెత్తే మనిషికి తను సేఠ్‌గా ఉండే చోటు ఆ కాలనిర్ణయ్ ఒక్కటే. అందులో ఎర్ర పెన్ను లాక్కునేందుకు నేనెవరిని? అక్కతోనూ అనలేదు. ఇప్పుడిక్కడ రాస్తున్నాను గానీ, బావ పత్రికలు చదవడు. మూడొందల యాభై మాత్రం అడిగాను. అది రాబోయే ట్రిప్పుకు అడ్వాన్సుగా జమ చేసేశాడట.

రాబోయేది ఖాందేరి. అలీబాగ్ దగ్గర థళ్ ఊరికి ఎదురుగా నడి సముద్రంలో ఉన్న దీవి. శివాజీ కట్టించిన కోట, ఇప్పుడక్కడ లైట్‌హౌస్ ఉంది. 2025 జులైలో యునెస్కో మరాఠాల కోటలు పన్నెండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఖాందేరి ఉంది, అర్నాళా లేదు. జాబితాలో లేని దీవి మీద టైం ఖరాబు చేసినందుకు బావ మమ్మల్ని కొంచెం చిన్నచూపు కూడా చూస్తున్నాడు. మొన్న సాయంత్రం వాళ్ళింటికి పోతే గోడ మీద కొత్త కాలనిర్ణయ్, కొత్త ఎర్ర గుర్తులు.

"ఈసారి ఒక్కరోజు ముచ్చట గాదురా. రెండు రోజులు పెట్టుకుందాం. ఒక పోటు తప్పినా ఇంకోటి దొర్కుతది," అన్నాడు.

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది.

"రెండు రోజులా? అయితే ఈసారి రెండు బీములు అయిపోతయన్నట్టు!"